గ్రౌండ్ మాకు మిగిలింది

జనవరి 5, ఆదివారం

ఈ ఇంట్లో తెలుగు రాత చదవగలిగేది నేనొక్కదాన్నే. మా ఆయన యాసర్‌ది ఉర్దూ మీడియం, షాపు బోర్డులకు మించి చదవలేడు. మా అత్తగారు అమ్మీకి ఖురాన్ తప్ప వేరే అక్షరం తెలియదు. మా అమ్మాయి ఆఫ్రీన్ ఆరో తరగతికి వచ్చినా కూడబలుక్కునే చదువుతుంది, నా గొలుసుకట్టు రాత దానికి అంతుపట్టదు. కాబట్టి ఈ డైరీకి తాళం అక్కర్లేదు. షాపుకు ఇంజన్ ఆయిల్ కంపెనీ వాళ్ళు ఇచ్చింది. యాసర్ ఇంట్లో పడేస్తే నేను తీసుకున్నాను.

ఈరోజు పొద్దున ఓదెలు సార్ ఇంటి ముందు కాలనీ వాళ్ళమంతా కూర్చున్నాం. సార్ రిటైర్డ్ హెడ్మాస్టరు, మా సంఘానికి అధ్యక్షుడు. మా వెనక గోడకు అవతల ఉన్న యూనివర్సిటీ స్టేడియాన్ని ఈవెంట్ కంపెనీకి ఇస్తున్నారట. పాటల కచేరీలు, కార్ల మేళాలు, పెళ్ళి బట్టల ఎగ్జిబిషన్లు. కార్యక్రమం లేని రోజున కూడా గేటు తాళం కంపెనీ దగ్గరే ఉంటుందట. అంటే పొద్దున నడక కూడా బంద్. పోయిన నెల 21న ప్రయోగానికని ఒక కచేరీ పెట్టారు. షెల్ఫులో గిన్నెలు గలగలలాడాయి. అమ్మీకి గుండె ఆపరేషనై రెండేళ్ళు. ఆ సాయంత్రం ఛాతీ పట్టుకొని మంచం మీద కూర్చుండిపోతే యాసర్ కారు మాట్లాడుకొని కరీంనగర్ తీసుకెళ్ళాడు.

నన్ను కమిటీలో వేశారు. నాకు తెలుగు బాగా రాయడం వచ్చని పక్కింటి శాంతక్క చెప్పిందట. యాసర్ ఏమంటాడో అనుకున్నాను. అమ్మీ కోసమే కదా, వెళ్ళు అన్నాడు. అవును. అమ్మీ కోసమే.

జవాబు రాయమని యూనివర్సిటీ నోటీసు జిరాక్స్ నా చేతికిచ్చారు. కింద సంతకం: డాక్టర్ కె. పద్మజ, క్రీడల అధికారి.

జనవరి 6

కె. అంటే సవాలక్ష ఇంటిపేర్లుంటాయి.

జనవరి 7

కొక్కుల పద్మజే. శాంతక్కను మాటల్లో పెట్టి అడిగాను. కోరుట్లామె, దసరాకు బదిలీ మీద వచ్చింది, క్వార్టర్స్‌లో ఒక్కతే ఉంటది అని చెప్పింది. ఎందుకడుగుతున్నవ్ అంటే జవాబులో పేరు తప్పు రాయకూడదు కదా అన్నాను.

జనవరి 9, గురువారం

నిన్నంతా అమ్మీ మందులు, ఆఫ్రీన్ పరీక్షలు. రాయడానికి ఇప్పుడు తీరింది.

కోరుట్ల డిగ్రీ కాలేజీలో మేం నలుగురం రిలే ఉరికేవాళ్ళం. మూడో చుట్టు పద్మజది, ఆఖరి చుట్టు నాది. బేటన్ ఇచ్చేటప్పుడు అందరూ 'హా' అని అరుస్తారు, పద్మజ నా పేరు పెట్టి 'షాజీ' అనేది. ఆ అరుపు వినగానే వెనక్కి చూడకుండా చెయ్యి చాపేదాన్ని. ఒక్కసారి కూడా కింద పడలేదు. సాయంత్రాలు వాళ్ళింటికి పోయేదాన్ని. వాళ్ళమ్మ పోశవ్వ బీడీలు చుడుతుంటే నేను, పద్మజ పక్కన కూర్చొని ఆకు కత్తిరించేవాళ్ళం. పోశవ్వ నా ఆకు చూసి నవ్వేది. నువ్వు ఉరుకుడే మంచిది బిడ్డా, కత్తెర పట్టకు అనేది.

2010 ఫిబ్రవరిలో వరంగల్‌లో పోటీలు. అందులో గెలిస్తే పద్మజకు పైస్థాయి జట్టులో చోటు ఉండేది. ఆ వారమే యాసర్ వాళ్ళు నన్ను చూడటానికి వస్తామన్నారు. అబ్బా పంపలేదు. పద్మజ కోరుట్ల బస్టాండులో నా కోసం నిలబడిందని, రెండు బస్సులు వదిలేసిందని తర్వాత వేరే అమ్మాయి చెప్పింది. నలుగురు లేకపోతే రిలే లేదు. ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు. నా నికాకు ఆమె రాలేదు.

అబ్బా పంపలేదు. ఆయన పంపకపోతే నేనేం చేసేది.

జనవరి 10

పొద్దున నడకకు పోయాను. గ్యాలరీ దగ్గర హాస్టల్ పిల్లలతో నిలబడి ఉంది. మెడలో విజిల్. జుట్టు కత్తిరించుకుంది. నేను అటు వైపు చుట్టు పూర్తి చేయకుండా మధ్యలోంచే తిరిగి వచ్చాను.

జనవరి 17, శుక్రవారం

వినతిపత్రం ఇచ్చి వచ్చాం. ఓదెలు సార్, శాంతక్క, నేను, ఇంకో నలుగురు. పద్మజ లేచి నిలబడి సార్‌కు నమస్కారం పెట్టింది. పత్రం మొత్తం చదివింది. నేను రాసిన పత్రం. ఒకచోట ఆగి, మళ్ళీ ఆ వాక్యమే చదివినట్టు అనిపించింది. పైకి పంపుతాననీ, తన అభిప్రాయం కూడా జత చేస్తాననీ చెప్పింది. ఆమె అభిప్రాయం ఏమిటని సార్ అడిగితే, ఈవెంట్లు జరగాలనే తను రాశానని దాచకుండా చెప్పేసింది. సార్ ముఖం ఎర్రబడింది.

అందరూ బయటికి నడుస్తుంటే నా చెప్పు పిన్ను ఊడింది. పిన్ను ఊడలేదు. నేనే వంగాను.

"కుడి మోకాలు నొప్పి పోయిందా?" అంది.

పదిహేనేళ్ళ తర్వాత మొదటి మాట. పోయింది అన్నాను. పోలేదు, చలికి లాగుతుంది.

"పొద్దుగాల మధ్యలకెళ్ళే మర్రిపోతున్నవ్. పూర్తి చుట్టు నడువు" అంది. అంటే ఆ రోజు నన్ను చూసింది.

జనవరి 21

ఈరోజు పూర్తి చుట్టు. రెండో చుట్టులో ఆమె వచ్చి పక్కన నడిచింది. పోశవ్వ మూడేళ్ళ క్రితం పోయిందట. నాకు తెలియదు. కోరుట్ల నుంచి ఇక్కడికి గంట కూడా పట్టదు, నాకు తెలియదు. మా అబ్బా పోయిన సంగతి ఆమెకు తెలుసట. ఎవరు చెప్పారని అడగలేదు.

జనవరి 24

నడిచాం.

జనవరి 25

నడిచాం. ఓదెలు సార్ గోడ అవతలి నుంచి చూసి, వాళ్ళ మనిషితో ఏం మాట్లాడుతున్నవ్ బిడ్డా అని అడిగారు. వాళ్ళ ఆలోచన కనుక్కుంటున్నాను సార్ అన్నాను. మంచిదే అన్నారు.

జనవరి 29, బుధవారం

ఉరికాను. ఒక్క చుట్టు. పద్మజ లోపలి లేన్, నేను బయటి లేన్. సల్వార్ కాళ్ళకు చుట్టుకుంటుంటే పైకి చెక్కుకున్నాను. మూడు వందల మీటర్ల దగ్గర ఊపిరి అందక నిలబడిపోతే ఆమె కూడా ఆగింది. ఆగాల్సిన అవసరం లేదు ఆమెకు. నడుము మీద చేతులు పెట్టుకొని ఇద్దరం నవ్వాం. ఎందుకు నవ్వామో తెలియదు. హాస్టల్ పిల్లలు చూస్తున్నారు.

ఇంటికొచ్చి చాయ్ పెడుతుంటే అమ్మీ నా ముఖం చూసి, జ్వరం వచ్చిందా, ఎర్రగా ఉన్నావు అంది.

ఈ గ్రౌండు పోకూడదు. అమ్మీ గుండె కోసం. కాలనీలో ముసలివాళ్ళ కోసం.

ఫిబ్రవరి 5, బుధవారం

పద్మజతో మొదటిసారి ఈవెంట్ల మాట ఎత్తాను. గ్యాలరీ మెట్ల మీద కూర్చున్నాం. మంచు పూర్తిగా విడవలేదు. కింద పిల్లలు ఉరుకుతున్నారు. రుద్రంగి, బీర్పూర్, ముస్తాబాద్ వైపు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు.

నువ్వెందుకు ఒప్పుకున్నవ్ అని అడిగాను.

"గీ పొల్లలకు సింథటిక్ ట్రాక్ కావాలె షాజీ" అంది. "మట్టిల ఉరికి ఉరికి పోటీలకు పోతరు. గాడ రబ్బరు ట్రాక్ మీద కాళ్ళు ఆడయి. కంపెనీ ట్రాక్ ఏపిచ్చి ఇస్తమన్నది. యాడ పనిజేసినా నేను ఆరేండ్ల సంది రాస్తున్న, ఎవ్వలు ఇయ్యలే. వీళ్ళన్న ఇస్తమన్నరు."

మరి మా అమ్మీ అన్నాను. అది తప్పేననీ, సౌండ్ తగ్గించాలని తను రాశాననీ, తగ్గిస్తారన్న నమ్మకం తనకూ లేదనీ చెప్పింది.  తర్వాత కింద పిల్లల వైపే చూస్తూ మొదలుపెట్టింది.

డిసెంబర్ కచేరీ అయిన నాలుగు రోజులకు రచన అనే బీర్పూర్ అమ్మాయి కాలికి మేకు దిగింది. స్టేజీ కట్టినవాళ్ళు ట్రాక్ మీద వదిలేసిన మేకు. ఎనిమిది వందల మీటర్ల పరుగులో వాళ్ళందరిలో మెరుగైన పిల్ల. ఆరు వారాలు కట్టుతో ఉంది. విషయం బయటికొస్తే కంపెనీ వెళ్ళిపోతుందని పైనుంచి ఒత్తిడి వచ్చింది. హాస్టల్ మెట్ల మీద జారిపడిందని రాయమన్నారు.

"రాసిన" అంది. "సంతకం బెట్టిన. ట్రాక్ వస్తది గద అనుకున్న. గప్పటి సంది ఆ పొల్ల ముఖం సూడ బుద్ధయితలేదు. ఎవ్వలకు జెప్పకు షాజీ. పానం బరువైతే నీకు చెప్పుకున్న."

చెప్పను అన్నాను.

ఇన్నేళ్ళకు నన్ను నమ్మి ఒక మాట చెప్పింది. ఇంటికి వస్తూ దారంతా అదే అనుకున్నాను. ఆ అమ్మాయి కాలు గురించి కాదు. నాకు చెప్పింది అనే.

ఫిబ్రవరి 11

మాట్లాడుకోవడానికి ఏమీ లేకపోయినా నడిచాం. ఆమె నడక నాకంటే వేగం. నా కోసం తగ్గిస్తుంది.

ఫిబ్రవరి 14

విచారణ 20వ తేదీన అని కాగితం వచ్చింది. జిల్లా నుంచి అధికారి వస్తారు. రెండు వైపుల మాటా విని రిపోర్టు రాస్తారు. మన దగ్గర గట్టి ఆధారం లేదని ఓదెలు సార్ దిగులుగా ఉన్నారు. అమ్మీ ఆసుపత్రి కాగితాలు నా సంచిలో పెట్టుకున్నాను.

నేను మాట్లాడను. కాగితాలు ఇచ్చి కూర్చుంటాను.

ఫిబ్రవరి 19

మాట్లాడను.

ఫిబ్రవరి 20, గురువారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

స్టేడియం పక్కన హాలులో కుర్చీలు వేశారు. ఒక వైపు మేం, ఒక వైపు యూనివర్సిటీ వాళ్ళు, కంపెనీ మనిషి. పద్మజ మూడో కుర్చీలో కూర్చుంది. నేను లోపలికి వస్తుంటే చూసి కళ్ళతోనే పలకరించింది.

ఓదెలు సార్ చప్పుడు గురించి, బండ్లు పెట్టే జాగా గురించి చెప్పారు. కంపెనీ మనిషి మెత్తగా మాట్లాడాడు. పండగ రోజుల్లో డీజేలు పెడితే లేని బాధ దీనికెందుకు అన్నాడు. అమ్మీ కాగితాలు అధికారికి ఇచ్చాను. ఆయన తిప్పి చూసి, ఆమె వయసెంత అన్నారు. డెబ్బై ఒకటి అన్నాను. వయసు కూడా ఉంది కదమ్మా అన్నారు. కసురుకోలేదు, మర్యాదగానే అన్నారు. కాగితాలు నా చేతికి తిరిగి ఇచ్చారు.

తర్వాత కంపెనీ మనిషి అన్నాడు, డిసెంబర్ కార్యక్రమంలో గానీ ఆ తర్వాత గానీ ఏ ఒక్కరికీ చిన్న గీత కూడా పడలేదని, యూనివర్సిటీ రికార్డులే సాక్ష్యమని. యూనివర్సిటీ పెద్దాయన తల ఊపారు. అధికారి రాసుకుంటున్నారు. ఆయన పెన్ను కదులుతుంటే చూస్తున్నాను. అయిపోయింది అనుకున్నాను. గేటుకు తాళం పడుతుంది. పొద్దున పద్మజ అటు, నేను ఇటు.

లేచాను.

"బీర్పూర్ పొల్ల, పేరు రచన" అన్నాను. "కచేరీ అయినంక కాలుకు మేకు దిగింది. ఆరు వారాలు నడువలే. హాస్టల్ల పడ్డదని కాయితం రాసిండ్రు సార్."

 ఎవరు చెప్పారని అధికారి నన్ను అడగలేదు. పద్మజ వైపు తిరిగి, ఆ కాగితం రాసింది మీరేనా అని అడిగారు.

లేదు అనవచ్చు ఆమె. నా దగ్గర రుజువేం ఉంది. ఆమె లేచి నిలబడింది. విజిల్ తాడు చేతికి చుట్టుకొని ఉంది.

"నేనే సార్. మేకు దిగింది నిజం. కాయితం అబద్ధం" అంది.

నా వైపు చూడలేదు.

ఫిబ్రవరి 21

నేను ఆమె పేరు చెప్పలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

రిపోర్టు మన వైపే వస్తుందని శాంతక్క లడ్డూలు పంచింది. ఓదెలు సార్ యాసర్ షాపుకు పోయి మరీ, నీ భార్య లేకపోతే కాలనీ మునిగేది అని చెప్పారట. యాసర్ రాగానే అమ్మీకి ఆ మాట చెప్పాడు. అమ్మీ నా తల మీద చెయ్యి పెట్టి దువా చేసింది. నా కోసం ఇంత చేశావు బేటీ అంది.

అమ్మీ కోసమే. రచన అనే అమ్మాయికి న్యాయం కోసం. పద్మజ పేరు నేను చెప్పలేదు. రాసిండ్రు అన్నాను, అంతే.

ఫిబ్రవరి 23

రాలేదు.

ఫిబ్రవరి 24

రాలేదు.

ఫిబ్రవరి 25

గ్యాలరీ దాకా పోయి వచ్చాను. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఉరుకుతున్నారు. విజిల్ లేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఆర్డర్ వచ్చింది. ఈవెంట్ల ఒప్పందం రద్దు. పొద్దున, సాయంత్రం కాలనీ వాళ్ళకు గ్రౌండు ఎప్పటిలాగే తెరిచి ఉంటుంది. ఓదెలు సార్ కాగితాన్ని గట్టిగా చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. ఆఫ్రీన్ కూడా కొట్టింది.

ఇంకో సంగతి. అది కాగితంలో లేదు, శాంతక్క చెప్పింది. పద్మజ మీద విచారణ పెట్టారట. తేలేదాకా సిరిసిల్లలో ఒక కాలేజీకి పంపారట. రాయమన్నవాళ్ళ మీద ఏమైనా పెట్టారా అని అడిగాను. వాళ్ళ మీద ఎవ్వలు పెడ్తరు అంది శాంతక్క.

క్వార్టర్స్ దాకా వెళ్ళాను. తాళం ఉంది. గుమ్మం కడిగి, ముగ్గు కూడా వేసి పోయింది.

మార్చి 2

రంజాన్ మొదటి రోజా, ఉపవాసం. తెల్లవారకముందే తినే సహరీకి లేచాను. తర్వాత పడుకోకుండా కిటికీ దగ్గర నిలబడ్డాను. తెల్లవారేసరికి ఓదెలు సార్, ఇంకో పదిమంది చేతులు ఊపుకుంటూ నడుస్తున్నారు. గ్రౌండు మాకు మిగిలింది.

మార్చి 9

పద్మజకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది.

మార్చి 11

ఫోన్.

మార్చి 12

ఎత్తితే ఏమంటాను?  చేయలేదు.

మార్చి 19, బుధవారం

రోజాలో అబద్ధం ఆడకూడదంటారు. ఎవరూ చదవని పుస్తకంలో ఆడవచ్చా? జనవరిలో రాసిన పేజీలు చదివాను. అబ్బా పంపలేదు, అబ్బా పంపలేదు అని రెండుసార్లు రాశాను.

అబ్బా పొమ్మన్నాడు.

నా సంచి తనే సర్ది అరుగు మీద పెట్టాడు. వాళ్ళు వచ్చేది ఆదివారం కదా, శనివారం రాత్రికల్లా వచ్చేస్తావు, పోయి గెలిచి రా అన్నాడు. మా మేనత్త ఫుఫీ ఒక్కతే, మూడు రోజులు ఎండలో ఉరికితే ముఖం ఏమవుతుందో అద్దంలో చూసుకో అంది. చూసుకున్నాను. యాసర్ ఫొటో అప్పటికే చూసి ఉన్నాను. నేను అతనికి నచ్చాలనుకున్నాను. కడుపునొప్పి అని పడుకున్నాను. అబ్బా నమ్మలేదు, అయినా బలవంతం చేయలేదు.

నన్ను ఎవరూ ఆపలేదు.

యాసర్ మంచివాడు. దానికీ దీనికీ సంబంధం లేదు.

మార్చి 31

ఈద్. ఇంటినిండా చుట్టాలు. రాయడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 3, గురువారం

సిరిసిల్ల పోయి వచ్చాను. కోరుట్లలో అమ్మను చూసి వస్తానని చెప్పి, వేములవాడ బస్సు ఎక్కాను. డబ్బాలో షీర్ ఖుర్మా పట్టుకుపోయాను.

కాలేజీ ఒక సందు చివర ఉంది. సందు పొడవునా బట్ట నేసే సాంచాల చప్పుడు, మనిషి పక్కన నిలబడి మాట్లాడినా అరవాలి. కాలేజీ వెనక నల్లమట్టి జాగా, ఒక మూలన సర్కారు తుమ్మ. పద్మజ వంగి సున్నంతో గీతలు వేస్తోంది. నన్ను చూసింది. గీత పూర్తయ్యేదాకా లేవలేదు.

"ఉపాసాలు ఒడిసినయా?" అంది.

ఒడిసినయి అని డబ్బా ఇచ్చాను. తీసుకొని గోడ మీద పెట్టింది. గోడ నీడలో ఇద్దరం కూర్చున్నాం.  ఆమే మాట్లాడింది. తనకు కోపం లేదంది. నేను చెప్పింది నిజమే, రాసిన తనదే తప్పు, శిక్ష పడితే పడనీ అంది. ఆ మాటలు వింటే తేలికపడాలి. పడలేదు.

"ఒక్కటే నాకు అర్థమైతలేదు" అంది. "ముందుగాల నాకొక్క మాట ఎందుకు చెప్పకపోతివి? పద్మా, నేను రేపు చెప్తున్న అనంటే, నువ్వు కూసో, నేనే చెప్త అంటుంటి. అయినా చెప్పకపోతివి. బస్టాండుల నిలవెట్టినప్పుడు గూడ గంతే."

ఇక దాచలేకపోయాను. "ఆ రోజు అబ్బా పొమ్మన్నడు పద్మా" అన్నాను. "నేనే రాలే."

ఆమె సున్నం చేతులు దులుపుకుంది.

"తెల్సు" అంది. "మీ అబ్బ బస్టాండుకు వచ్చిండు. నువ్వు పంపినవ్ అనుకున్న. కాదు, ఆయనే వచ్చిండు. బిడ్డ వస్తలేదమ్మా, తప్పు నాదే, నేనే పంపుతలేను, దాని మీద కోపం పెట్టుకోకుండ్రి అన్నడు. అనుకుంట కండ్లు తుడుసుకున్నడు. పంపనోడు ఎందుకు ఏడుస్తడు?"

అబ్బా పోయి ఏడేళ్ళయింది. ఆ సంగతి నాతో ఒక్కసారి కూడా అనలేదు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి, కడుపునొప్పి తగ్గిందా అని అడిగి, సంచిలో బట్టలు తీసి బీరువాలో పెట్టాడు. అంతే నాకు గుర్తు.

నేను ఏడుస్తుంటే ఆమె ఓదార్చలేదు. లేచి కూడా పోలేదు. సాంచాల చప్పుడులో నా ఏడుపు నాకే వినపడలేదు. కాసేపటికి పిల్లలు ఒకరొకరుగా వచ్చి గీతల దగ్గర నిలబడ్డారు. ఆమె లేచింది.

"రచన ఎట్లున్నది?" అని అడిగింది.

తెలియదు అన్నాను.

"ఉరుకుతున్నదా?"

తెలియదు.

"గంత మంది నడుమ ఆ పొల్ల పేరు జెప్పినవ్. ఒక్కనాడన్న పోయి సూడలేదా?"

 ఆమె జవాబు కోసం ఆగలేదు. బస్సు మూడున్నరకు ఉందని చెప్పి పిల్లల వైపు వెళ్ళింది. నేను గేటు దాటుతుంటే విజిల్ వినబడింది.

ఏప్రిల్ 5, శనివారం

పొద్దున హాస్టల్ పిల్లల దగ్గరికి వెళ్ళి రచన ఎవరు అని అడిగాను. సన్నగా, నల్లగా, రెండు జడలు మడిచి కట్టిన పిల్ల. పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. నేను రోజూ ఆమె పక్కనుంచే నడిచాను.

మీరు మీటింగుల చెప్పినామె గదా అంది. కోపంగా కాదు, అలసటగా. తన పేరు పేపర్లో పడ్డాక వాళ్ళ నాన్న బీర్పూర్ నుంచి వచ్చి సామాను కట్టుకొమ్మన్నాడట. పరీక్షలు అయ్యేదాకా అని ఏడ్చి ఆపుకుందట. హాస్టల్లో కొందరు ట్రాక్ రాకుండా చేసింది నువ్వేనని మాట్లాడటం మానేశారట. కాలు చూపించమంటే చూపించింది. మడమకు కొంచెం పైన గుండ్రని మచ్చ, ఇంకా గులాబీ రంగులో ఉంది.

"నాకు చెప్పి చెప్తే బాగుండు మేడం" అంది.

అవును అన్నాను. తప్పయింది అన్నాను. ఈ మాట ఈ ఏడాది నేను మొదటిసారి ఒకరి ముఖం చూసి అన్నది.

ఇప్పుడు ఎవరు నేర్పిస్తున్నారని అడిగితే ఎవ్వలు లేరు అంది. టైము చూసేవాళ్ళు కూడా లేరు. నా ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంది అన్నాను.

ఏప్రిల్ 6

రెండు నిమిషాల నలభై ఒకటి. రెండో చుట్టులో మేకు దిగిన చోటుకు రాగానే అడుగు తడబడుతోంది. దూరం నుంచి చూసినా తెలుస్తుంది. పద్మజకు టైము పంపాను. వేరే ఏమీ రాయలేదు.

ఏప్రిల్ 7

2:40. పంపాను.

ఏప్రిల్ 9

2:40. ఆ చోటులో మట్టినంతా ఇద్దరం చేత్తో జల్లించాం. ఏమీ దొరకలేదు. దొరకలేదని రచన తన కళ్ళతో చూసుకోవాలని అలా చేశాం. ఓదెలు సార్ నడక ఆపి, ఏం పోగొట్టుకున్నరు బిడ్డా అని అడిగారు.

ఏప్రిల్ 10

2:38. వీడియో కూడా పంపాను. ఆమె చూసినట్టు ఫోన్‌లో టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

ఏప్రిల్ 12

రచన నాన్న మళ్ళీ వచ్చాడు. మల్లయ్య. సామాను తీసుకుపోదామనే వచ్చాడు. గ్యాలరీ మెట్ల మీద కూర్చోబెట్టి బిడ్డ పరుగు చూపించాను. ఆయన తన కూతురు ఉరకడం అంతకు ముందు ఎప్పుడూ చూడలేదట. చూసినంతసేపూ తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పరుగు అయ్యాక నా వైపు తిరిగి, రోజు నువ్వు ఉంటవా అమ్మా అని అడిగాడు.

అలాంటి మాటకు ఉంటాను అని నేను ఇదివరకు చాలాసార్లు అన్నాను. ఈసారి కాసేపు ఆలోచించి, ఉంటాను అన్నాను. యాసర్‌కు కూడా చెప్పాను. పొద్దున టీ నేనే పెట్టుకుంటాలే అన్నాడు.

ఏప్రిల్ 14

2:37. పంపాను.

ఏప్రిల్ 16, బుధవారం

నిన్న సాయంత్రం పద్మజ నుంచి మెసేజ్. 'భుజాలు బిగవడుతున్నది. పిడికిలి ఇడువుమను.' అంతే. నా పేరు లేదు. ఎట్లున్నవ్ లేదు. నేను దాన్ని ఎన్నిసార్లు చదివానో రాయను.

పొద్దున రచనకు చెప్పాను. పిడికిళ్ళు వదిలి, వేళ్ళు మెత్తగా పెట్టుకొని ఉరికింది. తడబడే చోటు కూడా దాటింది. 2:34. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని రొప్పుతూ, ఈ మాట మీకెవరు చెప్పిండ్రు మేడం అని అడిగింది.

మీ పద్మజ మేడమే అన్నాను.

దాని ముఖం వెలిగిపోయింది. "మేడం మీకు ఎప్పటి సంది తెల్సు?"

ఇంకో చుట్టు మెల్లగా ఉరికి రా, చెప్తాను అన్నాను. అది పోయింది. గ్యాలరీ వైపు మలుపు తిరిగింది, అవతలి గోడ దాటింది, మళ్ళీ నా వైపు వస్తోంది. నాలుగు వందల మీటర్లు. ఏమని చెప్పాలో అప్పటికీ నాకు తోచలేదు.